ఆందాయ్ నుండి వియన్నా దాకా: రైళ్ళలో పదహారు రోజులు

ఫ్రాన్సు నైరుతి మూలన, స్పెయిన్ సరిహద్దును ఆనుకొని ఆందాయ్ అనే చిన్న ఊరు ఉంది. పారిస్ మోంపర్నాస్ స్టేషనులో ఉదయం ఎక్కిన టీజీవీ అనే ఫ్రాన్సు హైస్పీడు రైలు మమ్మల్ని ఐదు గంటల లోపే అక్కడ దింపింది. స్టేషను బయటకు వచ్చి పక్కకు తిరిగితే చాలు, కొద్ది అడుగుల దూరంలో మరో చిన్న స్టేషను, అందులో శాన్ సెబాస్టియన్ వెళ్ళే లోకల్ బండి కనిపిస్తాయి. టీజీవీ వచ్చింది స్టాండర్డ్ గేజ్ మీద, అంటే రెండు పట్టాల మధ్య దూరం 1435 మిల్లీమీటర్లు. ఈ లోకల్ బండి నడిచేది అచ్చంగా మన మీటర్ గేజ్ మీద. బిదసోవా నది దాటగానే ఇరున్‌లో మొదలయ్యే స్పెయిన్ పాత మార్గాలది 1668 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజ్. మన 1676 కంటే ఎనిమిది మిల్లీమీటర్లే తక్కువ. రైల్వే విద్యుత్ విభాగంలో ముప్పై ఏళ్ళు పనిచేసి, అందులో సగం కాలం గుంతకల్లులోనే గడిపిన నాకు, అక్కడ మీటర్ గేజ్ బండి దిగి, ట్రంకు పెట్టెలు నెత్తిన పెట్టుకొని బ్రాడ్ గేజ్ బండి కోసం పరుగెత్తే జనం ఒక్కసారిగా కళ్ళముందు మెదిలారు. మన దేశమంతటికీ ఒకే రైల్వే ఉంది గనుక 1992లో యూనీగేజ్ పథకం చేపట్టి ఆ బాధను చాలా వరకు తొలగించగలిగాం. ఇక్కడ ప్రతి దేశానికీ ఒక రైల్వే, ప్రతి రైల్వేకీ నూట యాభై ఏళ్ళ అలవాట్లు ఉన్నాయి.

వీటన్నిటినీ ఒక్కటిగా నడిపించడానికి ఐరోపా సంఘం 1991 నుండి చట్టాలు చేస్తూ వస్తోంది. పట్టాల నిర్వహణ లెక్కలనూ రైళ్ళ నడకకు సంబంధించిన లెక్కలనూ వేరుచేయాలని ఆ ఏడాది తెచ్చిన ఆదేశం చెప్పింది. 2010లో దేశాల మధ్య నడిచే ప్రయాణికుల రైళ్ళలో పోటీకి తలుపులు తెరిచారు. 2016 నాటి నాలుగో చట్టాల సంపుటి ప్రకారం 2020 డిసెంబరు నుండి దేశాల లోపలి మార్గాలలోనూ పోటీకి వీలు కల్పించారు. ఉద్యోగంలో ఉండగా చదివిన ఈ సంగతులలో ప్రయాణికుడి చేతికి ఎంత అందిందో స్వయంగా చూడాలన్న కోరికతోనే నేనూ మా ఆవిడా ఈ యాత్ర పెట్టుకున్నాం.

శాన్ సెబాస్టియన్‌లో రెండు రాత్రులు ఉన్నాం. సముద్రం ఒడ్డు అందంగానే ఉంది, గది అద్దె మాత్రం మా అంచనాకు మించింది. అక్కడి నుండి మాడ్రిడ్ వెళ్ళే ఆల్వియా రైలు బయలుదేరేది బ్రాడ్ గేజ్ మీద, మాడ్రిడ్ చేరేది స్టాండర్డ్ గేజ్ మీద. బుర్గోస్ దగ్గర బండి సైకిలు వేగానికి తగ్గి, ఒక షెడ్డు లాంటి కట్టడంలోంచి మెల్లగా సాగింది. కింద చక్రాల తాళాలు విడివడి, చక్రాలు లోపలికి జరిగి, మళ్ళీ బిగుసుకుంటాయని నాకు తెలుసు గనుక చెవులు రిక్కించి కూర్చున్నాను. లోహం రాసుకున్న చిన్న చప్పుడు, కాళ్ళ కింద సన్నని అదురు, అంతే. ఎదుటి సీటులోని పెద్దాయన నిద్రకు భంగం కూడా కలగలేదు. స్పెయిన్ ఇంజినీర్లు 1969లోనే బార్సిలోనా, జెనీవాల మధ్య ఇలాంటి తాల్గో రైలును నడిపారు. ఇంత పాత విద్య ఇంత నిశ్శబ్దంగా పనిచేయడం చూసినప్పుడు వృత్తి మీద గౌరవం పెరిగింది.

పోటీ వల్ల ప్రయాణికుడికి కలిగే మేలు చూడాలంటే మాడ్రిడ్, బార్సిలోనాల మధ్య ప్రయాణించాలి. 621 కిలోమీటర్ల ఈ హైస్పీడు మార్గం 2008లో పూర్తయింది. ఒకప్పుడు స్పెయిన్ ప్రభుత్వ సంస్థ రెన్ఫే ఒక్కటే రైళ్ళు నడిపే ఈ మార్గంలో 2021లో ఊయిగో, 2022లో ఇర్యో అనే పోటీ సంస్థలు ప్రవేశించాయి. తక్కువ చార్జీల కోసం రెన్ఫే కూడా ఆవ్లో అనే రైలును తెచ్చింది. పట్టాలు వేరే ప్రభుత్వ సంస్థ చేతిలో ఉండడం వల్లే కొత్తవారికి చోటు దొరికింది. మూడు వారాల ముందు చూస్తే ఒకే రోజు, ఒకే దూరానికి చార్జీలు ఒకదానికొకటి రెండింతల తేడాతో కనిపించాయి. మేము వాటిలో మధ్యస్థంగా ఉన్నది కొన్నాం. రెండున్నర గంటల ప్రయాణం, శుభ్రమైన పెట్టె, సామానుకు విశాలమైన అర దొరికాయి. మాడ్రిడ్ అతోచా స్టేషనులో సామాను స్కానింగ్ వరుస ఉంటుంది కాబట్టి కనీసం అరగంట ముందు చేరడం మంచిది.

అంత చక్కగా నడిచే వ్యవస్థ సరిహద్దు దగ్గరకు వచ్చేసరికి పలుచబడిపోతుంది. బార్సిలోనా నుండి పారిస్‌కు నేరుగా వెళ్ళే రైళ్ళు 2013 నుండి ఉన్నాయి కానీ రోజుకు ఎన్నో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. మేము మిలాన్ వెళ్ళాలి. అందుకు రెండు వేర్వేరు సంస్థల టిక్కెట్లు, మధ్యలో యాభై నిమిషాల వ్యవధితో కొన్నాను. మొదటి బండి డెబ్బై నిమిషాలు ఆలస్యమైంది. రెండోది మేము చూస్తుండగానే వెళ్ళిపోయింది. కౌంటరులోని అమ్మాయి మర్యాదగానే, మా టిక్కెట్టు తమ దగ్గర కొన్నదే అయినా, మా ఆలస్యానికి కారణమైన బండి తమది కాదు గనుక చేయగలిగిందేమీ లేదని చెప్పింది. ఆ పూట చార్జీకి కొత్త టిక్కెట్లు కొనక తప్పలేదు.

ఇక్కడ చట్టం ఏమి చెబుతుందో తెలుసుకుని వెళ్ళడం అవసరం. 2023 జూన్ నుండి అమలులో ఉన్న ప్రయాణికుల హక్కుల నిబంధన ప్రకారం, గంట నుండి రెండు గంటల లోపు ఆలస్యానికి చార్జీలో 25 శాతం, రెండు గంటలు దాటితే 50 శాతం పరిహారం సాధారణంగా ఇవ్వాలి. మొదటి సంస్థ ఆ 25 శాతాన్ని నాలుగు వారాలలో ఇచ్చింది కూడా. కానీ తప్పిపోయిన రెండో బండి నష్టం ఎవరిదనే ప్రశ్నకు, రెండు టిక్కెట్లూ ఒకే సంస్థ వద్ద ఒకే కొనుగోలులో తీసుకున్నారా అన్నదే కీలకం. పాత జాతీయ సంస్థల మధ్య, మొదటి బండి ఆలస్యమైతే తరువాతి బండిలో ఎక్కనిచ్చే ఒప్పందం ఒకటి ఉంది. ఆలస్యమైన బండి సిబ్బంది చేత ఆ సంగతి రాయించుకోవాలన్నది నాకు ఆలస్యంగా తెలిసింది. కొత్తగా వచ్చిన చౌక సంస్థలు ఇందులో ఉంటాయని ఆశించకూడదు. పోటీని తెచ్చినవారు దానితోపాటే ఉమ్మడి టిక్కెట్టునూ తేవలసింది అని నా నిశ్చితాభిప్రాయం. మన దగ్గర 2019 నుండి రెండు పీఎన్ఆర్‌లను జతచేసుకునే వీలుంది. మొదటి బండి ఆలస్యమై రెండోది తప్పిపోతే, నియమాలకు లోబడి దాని డబ్బు తిరిగి వస్తుంది. ఇన్ని వేల కోట్ల యూరోలు సొరంగాలకు ఖర్చుపెట్టగలిగిన దేశాలకు అది అసాధ్యమని నేను అనుకోను.

సొరంగాల మాట వచ్చింది కనుక బ్రెన్నర్ గురించి చెప్పాలి. యాత్ర మొత్తంలో నాకు అత్యంత ప్రియమైన ప్రయాణం వెరోనా నుండి ఇన్స్‌బ్రుక్ దాకా సాగినదే. 1867లో పూర్తయిన ఈ మార్గం ఆల్ప్స్ పర్వతాల మీదుగా 1371 మీటర్ల ఎత్తుకు ఎక్కుతుంది. బోల్జానో దగ్గర నుండి స్టేషను బోర్డులు ఇటాలియన్, జర్మన్ భాషలు రెండింటిలో కనిపిస్తాయి. ద్రాక్ష తోటలు వెనకబడి, పైన్ చెట్లు వస్తాయి, లోయ ఇరుకవుతుంది. ఇటలీలో తీగలో ప్రవహించేది 3 కిలోవోల్టుల డీసీ. ఆస్ట్రియాలో 15 కిలోవోల్టుల ఏసీ, అదీ మన 50 హెర్ట్జ్‌కు బదులు 16.7 హెర్ట్జ్‌తో. ఒకప్పుడు బ్రెన్నర్‌లో ఇంజను మార్చవలసి వచ్చేది. ఇప్పుడు రెండు రకాల కరెంటుతోనూ నడిచే ఇంజన్లు వచ్చాయి. స్టేషనులో పోలీసులు ఇద్దరు ఎక్కి పాస్‌పోర్టులు చూసి దిగిపోయారు. బండి కదిలిన కాసేపటికి పెట్టెను చల్లబరిచే ఫ్యాన్ల హోరు ఆగిపోయింది. పైన తీగ నుండి కరెంటు అందుకునే పాంటోగ్రాఫ్ ఒకటి దిగి మరొకటి లేచే ఆ విరామంలో పెట్టె అంతా నిశ్శబ్దమై చక్రాల చప్పుడు మాత్రమే మిగిలింది. కొద్ది క్షణాల్లో ఫ్యాన్లు మళ్ళీ అందుకున్నాయి. పట్టాల పైన వేలాడే ఓహెచ్‌ఈ కరెంటు తీగల కింద జీవితం గడిపినవాడిని గనుక ఆ నిశ్శబ్దం విలువ నాకు తెలుస్తుంది.

ఈ కొండ కిందే 55 కిలోమీటర్ల బ్రెన్నర్ బేస్ టన్నెల్‌ను తవ్వుతున్నారు. నేలను పరీక్షించడానికి ముందుగా తవ్విన దాని పరిశోధక సొరంగం రెండు వైపుల నుండీ 2025 సెప్టెంబరులో కలిసింది. పూర్తయితే ఇన్స్‌బ్రుక్, ఫోర్తెజ్జాల మధ్య ఎనభై నిమిషాల ప్రయాణం ఇరవై ఐదు నిమిషాలకు తగ్గుతుంది. ఈ లోయ చూడాలనుకునేవారు పాత మార్గంలో ఒకసారి వెళ్ళి రావడం మంచిది.

ఇన్స్‌బ్రుక్ బస మాకు అన్నిటికంటే నచ్చింది. రెండు రాత్రులు ఉన్నవారికి బస యజమానులే ఉచితంగా అతిథి కార్డు ఇస్తారు, దానితో ఊరి బస్సులలో తిరగవచ్చు. వెరోనాలో గది మంచిదే అయినా ఊరి పన్ను విడిగా కట్టించుకున్నారు, ముందుగా లెక్కలో వేసుకోవాలి. శాకాహారులకు ఇటలీలో ఏ లోటూ లేదు. ఇన్స్‌బ్రుక్‌లో మాత్రం రొట్టె, చీజ్, పెరుగు కొనుక్కుని రెండు పూటలు గడిపాం. వియన్నా రైలు నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం, నిమిషం తేడా లేకుండా చేర్చింది.

మళ్ళీ వెళితే, చాలా ఐరోపా దేశాల రైళ్ళలో ఒకే టిక్కెట్టుగా పనిచేసే యూరేల్ పాస్ తీసుకుంటాను. ఫ్రాన్సు, స్పెయిన్, ఇటలీ వేగ రైళ్ళలో సీటు రిజర్వేషనుకు అదనంగా కట్టాలి, చౌక రైళ్ళలో కొన్ని పాస్‌ను ఒప్పుకోవు కూడా. అయినా ఒక బండి తప్పితే పోయేది ఆ రిజర్వేషను రుసుమే, టిక్కెట్టు మొత్తం కాదు. పాస్ లేకుండా వెళ్ళేవారు సంస్థ మారే చోట రెండు గంటలైనా వ్యవధి పెట్టుకోవాలి, ఆ రోజు చివరి బండిని మాత్రం రెండో బండిగా ఎంచుకోకూడదు. సరిహద్దు దాటే రోజు రాత్రి మధ్య ఊరిలోనే బస చేయడం ఇంకా మేలు. మా ఆవిడ మాటల్లో చెప్పాలంటే, ఆ రెండు కొత్త టిక్కెట్ల డబ్బుతో వెరోనాలో ఇంకో రాత్రి ఉండేవాళ్ళం.