పైకప్పు మార్చిన సంస్థ పనితీరు: కొటేషన్ నుంచి చివరి బిల్లు దాకా

మా ఇంటి పైకప్పుకు ఇరవై ఆరేళ్లు నిండాయి. ప్లైవుడ్ మీద పరిచిన తారు షింగిల్స్ (తారు పట్టించిన పలుచని పలకలు) అంచులు పైకి లేచి, వాటి మీది రాతి గులక వాన పడినప్పుడల్లా గట్టర్లలోకి కొట్టుకొస్తుండటంతో, ఇక అతుకులు వేయించడం దండగ అనిపించి, మొత్తం విప్పించి రంగు పూత ఉన్న స్టీలు షీట్లు వేయించాము. ఆ పని చేసిన రూఫింగ్ సంస్థ గురించే ఈ సమీక్ష. అయితే పని ఎలా చేశారన్నది ఎంత ముఖ్యమో, ధర ఎలా కట్టారన్నది అంతకంటే ముఖ్యమని పని జరిగిన పదకొండు రోజుల్లో నాకు తెలిసివచ్చింది కనుక ఇందులో ఎక్కువ భాగం ఖర్చు గురించే ఉంటుంది. వారి పని బాగుంది, అవసరమైతే మళ్లీ వారినే పిలుస్తాను. ఒక్క విషయంలో మాత్రం అసంతృప్తి మిగిలింది, దాన్నీ దాచకుండా రాస్తున్నాను.

మేము ముగ్గురి దగ్గర కొటేషన్లు తీసుకున్నాము. చదరపు అడుగు ధర మూడింటిలోనూ ఇంచుమించు ఒకటే, మొత్తాలు మాత్రం ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయి. తేడా అంతా కొలతలోనే ఉంది. మా ఇల్లు 40 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు, అంటే నేల మీద 1,200 చదరపు అడుగులు. అందరికంటే తక్కువ చెప్పినవారు నిచ్చెన కూడా వేయకుండా ఆ 1,200నే ధరతో హెచ్చవేశారు. కానీ చూరు నాలుగు వైపులా రెండేసి అడుగులు బయటికి వస్తుంది గనుక కప్పు పరుచుకున్న స్థలం 44 అడుగులకు 34 అడుగులు, అంటే 1,496 చదరపు అడుగులు. దానికి తోడు కప్పు వాలు 30 డిగ్రీలు. వాలుగా ఉన్న తలం నేల మీది కొలత కంటే ఎప్పుడూ పెద్దదే కాబట్టి 30 డిగ్రీల వాలుకు 1.155తో, 45 డిగ్రీల వాలుకు 1.414తో హెచ్చవేయాలి. అలా లెక్కిస్తే మా కప్పు విస్తీర్ణం దాదాపు 1,728 చదరపు అడుగులు తేలింది, కోతల్లో వృథా అయ్యే ముక్కలకు పది శాతం కలిపితే కొనవలసిన షీటు 1,900 చదరపు అడుగులు అయింది. మలుపులూ, రెండు వాలులు కలిసే లోయలూ ఎక్కువగా ఉన్న కప్పుకు ఈ వృథా ఇంకా పెరుగుతుంది.

మేము ఎంచుకున్న సంస్థ తరఫున వచ్చిన మేస్త్రీ గారు టేపు, వాలు కొలిచే పరికరం పట్టుకుని కప్పెక్కి, గంటన్నర సేపు కొలిచి, ఈ లెక్కంతా చేత్తో గీసిన బొమ్మతో సహా మాకు ఇచ్చారు. మూడింటిలో వారి మొత్తమే ఎక్కువ. అయినా 1,200 లెక్కకు ఒప్పుకుని ఉంటే పని సగంలో ఉండగా కొలత పెరిగిందనే మాట వినవలసి వచ్చేది. కప్పు విప్పేసిన ఇంట్లో నిలబడి, మబ్బుల వైపు చూస్తూ బేరమాడటం ఎవరికైనా కష్టమే.

మా చివరి బిల్లులో షీట్ల ధర సగానికి తక్కువే. మిగిలినదంతా పాత కప్పు విప్పడం, దాన్ని దించి తరలించడం, పరంజా, షీట్ల కింద పరిచే నీరు దిగని పొర, వెన్ను కప్పులు (కప్పు పై అంచును మూసే రేకులు), ఫ్లాషింగ్ (నీటిని దారి మళ్లించే వంచిన రేకు), స్క్రూలు, కూలి. పాత షింగిల్స్ తరలింపు తేలిక పని అనుకున్నాను. చదరపు మీటరుకు 12 కిలోల చొప్పున లెక్కవేసుకున్నా మా కప్పు మీది నుంచి దిగింది దాదాపు రెండు టన్నులు. కొటేషన్‌లో ఈ పద్దు లేకపోతే ఆ గుట్ట మన వాకిట్లోనే మిగులుతుంది. పాత కప్పు ఆస్బెస్టాస్ సిమెంటు రేకులదైతే ఈ పద్దు ఇంకా పెద్దది. ఆస్బెస్టాస్ అన్ని రకాలూ క్యాన్సర్ కలిగిస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతోంది. వాటిని పగలగొట్టకుండా, తడిపి, శిక్షణ పొందినవారి చేత తీయించాలి. అక్కడ పొదుపు చేయవద్దని మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

రెండో కాంట్రాక్టరు పాతది విప్పకుండానే దాని మీద కొత్త షీట్లు బిగిస్తామన్నారు. విప్పే కూలీ, తరలింపు ఖర్చూ మిగులుతాయి కాబట్టి మనసు అటే లాగింది. కానీ అలా చేస్తే కింది చెక్క ఏ స్థితిలో ఉందో ఎవరూ చూడరు, పాత కప్పు బరువుకు కొత్తది తోడవుతుంది. బరువు సంగతి తేలిగ్గా తీసుకోకూడదు. 0.5 మిల్లీమీటర్ల స్టీలు చదరపు మీటరుకు సుమారు నాలుగు కిలోలు తూగితే, మట్టి పెంకులు 40 కిలోలు, అంతకు మించి కూడా తూగుతాయి. షీట్ల నుంచి పెంకులకు మారదలచినవారు ముందు వాసాలు ఆ బరువు మోయగలవో లేదో ఇంజనీరు చేత చూపించుకోవాలి, ఆ ఖర్చును కూడా కప్పు ఖర్చులోనే వేసుకోవాలి.

విప్పించడమే మంచిదైందని రెండో రోజు మధ్యాహ్నం తెలిసింది. మేస్త్రీ గారు నన్ను పరంజా మీదికి పిలిచి, రెండు వాలులు కలిసే చోట ప్లైవుడ్ మీద స్క్రూడ్రైవరు మొన ఆనించారు. బలం పెట్టకుండానే అది పిడి దాకా దిగిపోయింది. బయటికి తీస్తే మొన మీద నల్లటి తడి పొట్టు అంటుకుని ఉంది, పుట్టగొడుగుల వాసన వచ్చింది. కింద గదిలో ఒక్క మరక కూడా లేదు. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా దిగిన నీరు చెక్కలోనే ఇంకిపోయిందన్నమాట. కప్పుకు పట్టే యాభై నాలుగు ప్లైవుడ్ షీట్లలో ఏడు మార్చవలసి వచ్చింది. కొత్త షీటు ఒక్కొక్కటికి బిగింపుతో సహా ఎంత తీసుకుంటారో కొటేషన్‌లో ముందే రాసి ఉంది. ఏడింటికీ విడివిడిగా ఫొటోలు తీసి, సంఖ్య వేసి, నా సంతకం తీసుకున్నాకే కొత్తవి బిగించారు. నాకు ఈ సంస్థలో అన్నిటికంటే నచ్చింది ఈ పద్ధతే. కప్పు కింద ఏముందో విప్పేదాకా ఎవరికీ తెలియదు గనుక దాన్ని ముందే లెక్కకట్టమనడం న్యాయం కాదు, కానీ పాడైనది కనిపిస్తే ఒక్కోదానికి ఎంత అన్నది మాత్రం పని మొదలుకాకముందే కాగితం మీద ఉండాలి.

ఇక నా అసంతృప్తి. కప్పు సాధారణంగా షీటు మధ్యలో కారదు. గోడను తాకే చోట, పొగగొట్టం చుట్టూ, గొట్టాలు పైకి వచ్చే చోట, లోయల్లో కారుతుంది. అక్కడ నీటిని దారి మళ్లించేది ఫ్లాషింగే. మా కొటేషన్‌లో "అవసరమైన చోట కొత్త ఫ్లాషింగ్" అని రాశారు. అవసరం ఎవరు తేల్చాలో రాయలేదు, నేనూ అడగలేదు. మేడ గది గోడ వెంట ఉన్న పాత ఫ్లాషింగ్ పైకి బాగానే ఉందని వారు దాన్నే ఉంచేశారు. పని ముగిసిన మూడు వారాలకు వచ్చిన మొదటి పెద్ద వానకు ఆ గోడ లోపలి వైపు అరచేయంత చెమ్మ మచ్చ తేలింది. ఫోను చేసిన మర్నాడే వచ్చారు, ఆరు వరసల స్క్రూలు విప్పి, గోడలో గాడి కోసి, కొత్త రేకు దూర్చి బిగించి వెళ్లారు. కూలి తీసుకోలేదు గానీ రేకు ధర తీసుకున్నారు. మొత్తం చిన్నదే అయినా కొత్త కప్పు కింద పాత ఫ్లాషింగ్ ఉంచడం అసలు సరైన పని కాదన్నది నా అభిప్రాయం. కప్పు మార్పిస్తున్నవారు ఆ "అవసరమైన చోట" అన్న మాట కొట్టివేయించి, ఏ గోడకు ఎన్ని అడుగులో రాయించుకోవాలి.

షీట్ల విషయంలో గమనించవలసినవి రెండు. మొదటిది మందం. కొందరు పూతలు కలిపిన మందం చెబుతారు, కొందరు ఉక్కు మందం మాత్రమే చెబుతారు, ధరలు పోల్చేముందు రెండూ ఒకే లెక్కకు తెచ్చుకోవాలి. రెండోది స్క్రూలు. షీటు దశాబ్దాలు ఉన్నా స్క్రూ తల కింది రబ్బరు వాషరు అంతకాలం ఉండదు. ఎక్కువ బిగిస్తే అది నలిగి పక్కకు ఉబుకుతుంది, తక్కువైతే నీరు దిగుతుంది. మా పనివారు బిగింపు బలం ముందే సరిచేసిన డ్రిల్లు వాడారు. నేను ఒక వరుస మొత్తం చూశాను, అన్ని వాషర్లూ సమంగా కూర్చున్నాయి.

వారంటీలు రెండు ఉంటాయని చాలామందికి తెలియదు. షీటుకు తయారీదారు ఇచ్చేది ఒకటి, పనితనానికి కాంట్రాక్టరు ఇచ్చేది మరొకటి. కప్పు కారితే కారణం ఎక్కువసార్లు బిగింపులోనే ఉంటుంది గనుక, పెద్ద అంకెతో కనిపించే మొదటిదాని కంటే రెండోదే మనకు ఎక్కువ ఉపయోగం. ఎత్తు మీద పని కాబట్టి పనివారికి ప్రమాద బీమా ఉందా అని అడిగాను, వారు విసుక్కోకుండా పత్రం చూపించారు. డబ్బు మూడు విడతలుగా ఇచ్చాము: సరుకు దిగినప్పుడు కొంత, కింది పొర పరిచాక కొంత, అంతా అయ్యాక మిగిలింది. చివరి విడతను మొదటి వాన దాకా ఆపుకుని ఉంటే ఫ్లాషింగ్ రేకు ధర గురించి మాట అనుకోవలసి వచ్చేది కాదు.

చివరి బిల్లు కొటేషన్ కంటే తొమ్మిది శాతం పెరిగింది, అదంతా నేను సంతకం పెట్టిన ఏడు ప్లైవుడ్ షీట్లదీ, వాటి కింద మార్చిన రెండు వాసాలదీ. రేకు ధర ఆ తర్వాత విడిగా ఇచ్చినది. ఆ తర్వాత రెండు పెద్ద వానలు వచ్చాయి. రెండుసార్లూ మేడ గదిలోకి వెళ్లి గోడ మీద అరచేయి ఆనించి చూశాను, పొడిగానే ఉంది.