క్రోనీయా, ఎన్‌టీపీడీయా?

రెండూ ప్రోగ్రాములే. సర్వర్ గడియారాన్ని నెట్‌వర్క్ మీద సరిదిద్దడం రెండిటికీ వచ్చు. ముఖ్యమైన తేడా వేగంలోనే.

ఎన్‌టీపీడీది నత్తనడక. మామూలుగా 128 మిల్లీసెకన్ల లోపు తేడా అయితే గడియారాన్ని మెల్లగా జరుపుతుంది, అదీ సెకనుకు అర మిల్లీసెకను మించకుండా. అంటే 100 మిల్లీసెకన్లు సర్దడానికి మూడు నిమిషాల పైమాటే. తేడా 1000 సెకన్లు దాటిందా, మొదలుపెట్టేటప్పుడు '-జీ' ఆప్షన్ ఇవ్వకపోతే చేతులెత్తేసి ఆగిపోతుంది.

క్రోనీ అయితే సెకనుకు దాదాపు 83 మిల్లీసెకన్ల దాకా జరపగలదు. సెట్టింగ్స్‌లో 'మేక్‌స్టెప్ 1.0 3' అని రాస్తే, మొదలైన కొత్తలో మొదటి మూడు సవరణల వరకూ, సెకనుకు మించిన తేడాను ఒక్క గెంతులో సరిచేస్తుంది. నెట్ వస్తూ పోతూ ఉండే ల్యాప్‌టాప్‌లకూ, వర్చువల్ మెషీన్లకూ ఇదే నయం. రెడ్‌హ్యాట్ అయితే తన ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 8లో ఎన్‌టీపీడీని తీసేసి క్రోనీనే ఉంచింది.

ఎన్‌టీపీడీ పరిస్థితి చూడాలంటే 'ఎన్‌టీపీక్యూ -పీ' అనే కమాండ్ కొడితే సర్వర్ల పట్టిక వస్తుంది. నక్షత్రం గుర్తున్న వరసే ఎంచుకున్న సర్వర్. క్రోనీ కమాండ్ 'క్రోనీసీ ట్రాకింగ్' మాత్రం గడియారం ఎంత వెనకబడిందో మామూలు వాక్యంలా చెబుతుంది. నాకు అదే ఇష్టం.

బ్రాడ్‌కాస్ట్ పద్ధతిలో, అంటే అడక్కుండానే సర్వర్ అందరికీ ఒకేసారి పంపే సమయాన్ని అందుకునే పాత ఏర్పాట్లుంటే క్రోనీ పనికిరాదు, ఎన్‌టీపీడీయే గతి.