టైమ్‌షేర్ పాయింట్లు కొనే ముందు జాగ్రత్త: హవాయికి ఎన్ని కావాలో లెక్క మీరే వేసుకోండి

టైమ్‌షేర్ అంటే రిసార్ట్‌లో ఏటా కొన్ని రోజులు ఉండే హక్కుని ముందే డబ్బు కట్టి కొనుక్కోవడం. ఆ హక్కుని పాయింట్ల లెక్కన అమ్ముతారు, ఉన్న ప్రతి రాత్రికీ కొన్ని పాయింట్లు ఖర్చవుతాయి. అమెరికాలో ఉన్న మన తెలుగు కుటుంబాలు ఆర్లాండోకో లాస్ వెగాస్‌కో వెళ్ళినప్పుడు టైమ్‌షేర్ ప్రెజెంటేషన్‌కి రమ్మని పిలవడం మామూలే. థీమ్ పార్కు టికెట్లు తక్కువకి ఇస్తామంటారు, లేదా గిఫ్ట్ కార్డు ఇస్తామంటారు, గంటన్నర కూర్చుంటే చాలంటారు. అక్కడ అమ్మేది ఆర్లాండో రిసార్ట్ పాయింట్లే అయినా గోడ నిండా ఉండేవి హవాయి ఫొటోలే. "ఈ పాయింట్లతో ఏటా ఒక వారం మౌయిలో ఉండొచ్చు" అని, హవాయి దీవుల్లో ఒకటైన మౌయి పేరు చెప్పి, కాగితం మీద లెక్క కట్టి చూపిస్తారు. మాకూ అలాగే చూపించి అమ్మారు. మేం వెళ్ళగలిగే రోజులకి, మాకు కావాల్సిన గదికి ఆ లెక్క దరిదాపుల్లో కూడా లేదు. ఇంకో కుటుంబం ఇలా నష్టపోకూడదనే ఇదంతా రాస్తున్నాను. ఈ పద్ధతి ఏ ఒక్క కంపెనీదో కాదు, అందుకే పేరు పక్కన పెట్టి పద్ధతి గురించే చెబుతాను.

మాకు అమ్మినాయన తెల్ల కాగితం తీసి, మాకు నేరుగా కనబడేలా తన వైపు నుంచి తలకిందులుగా అంకెలు రాశాడు. పైన ఏటా వచ్చే పాయింట్లు, కింద హవాయికి పట్టే పాయింట్లు, ఆ రెండింటి చుట్టూ ఒక సున్నా. చాలా చక్కగా ఉంది. కానీ ఆ కింది అంకె ఏ గదిది, ఏ నెలది, ఏ వ్యూది అన్నది ఎక్కడా రాయలేదు. సంతకాలయ్యాక కాపీ అడిగితే "మీకు కావాల్సినవన్నీ ఫోల్డర్‌లో ఉన్నాయి" అన్నారు. ఫోల్డర్‌లో ఆ కాగితం లేదు. కాంట్రాక్ట్‌లో మాత్రం, నోటిమాటగా చెప్పినవాటిని నమ్ముకుని మేము కొనడం లేదని ఒక వాక్యం ఉంది, దాని పక్కన మా ఇనిషియల్స్ ఉన్నాయి. ప్రెజెంటేషన్‌లో చెప్పిన లెక్క గురించి తర్వాత ఎవరు ఎంత గట్టిగా అడిగినా కంపెనీ చూపించేది ఆ వాక్యమే.

అసలు పాయింట్ల చార్టు ఎలా ఉంటుందో చూద్దాం. ఒకే రిసార్ట్‌లో ఒక రాత్రికి పట్టే పాయింట్లు నాలుగు విషయాలను బట్టి మారతాయి: గది సైజు, సీజన్, కిటికీలోంచి ఏం కనబడుతుంది, వారంలో ఏ రోజు. చాలా కంపెనీల్లో శుక్ర, శనివారం రాత్రులకి ఎక్కువ పాయింట్లు తీసుకుంటారు. ప్రెజెంటేషన్‌లో చెప్పే "హవాయి వారం" ఈ నాలుగింటిలోనూ అన్నిటికంటే చవకైనదాన్ని తీసుకుని కట్టిన లెక్క. చిన్న స్టూడియో, ఎవరూ రాని సీజన్, సముద్రం కనబడని గది.

అర్థం కావడానికి ఒక ఊహా చార్టు అనుకుందాం. జనం తక్కువుండే సీజన్‌లో సముద్రం కనబడని స్టూడియోకి మామూలు రోజు రాత్రికి 100 పాయింట్లు, శుక్ర, శనివారాలకి 130. వారానికి 760 అవుతుంది. ఏటా 800 పాయింట్లు కొంటే హాయిగా సరిపోతుంది, ఇంకా 40 మిగులుతాయి కూడా. ఇప్పుడు అదే రిసార్ట్‌లో డిసెంబరు చివరి వారం, ఓషన్ వ్యూ ఉన్న వన్ బెడ్‌రూమ్ తీసుకోండి. మామూలు రాత్రికి 320, శుక్ర, శనివారాలకి 400 అనుకుంటే వారానికి 2,400. అంటే సరిగ్గా మూడేళ్ళ పాయింట్లు ఒక్క వారానికే అయిపోతాయి. అంకెలు నేను అనుకున్నవే అయినా, చవక గదికీ పిల్లల సెలవుల్లో దొరికే గదికీ తేడా నిజం చార్టుల్లో కూడా ఇలా రెట్లలోనే ఉంటుంది.

మనవాళ్ళు ఆ చవక వారాన్ని వాడుకోగలరా అంటే, చాలామందికి కుదరదు. పిల్లలు బడిలో ఉన్నంతకాలం వెళ్ళగలిగేది వేసవి సెలవుల్లో, స్ప్రింగ్ బ్రేక్‌లో, క్రిస్మస్ సెలవుల్లో. అవన్నీ చార్టులో ఖరీదైన వారాలే. పైగా మౌయిలో హంప్‌బ్యాక్ తిమింగలాలు వచ్చే డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా అమెరికా చలి రాష్ట్రాల జనమంతా అక్కడే ఉంటారు.

గది సంగతి ఇంకా ముఖ్యం. స్టూడియోలో మైక్రోవేవ్, చిన్న ఫ్రిజ్, కాఫీ మెషీన్ తప్ప స్టవ్ సాధారణంగా ఉండదు. సరైన వంటగది ఉండేది వన్ బెడ్‌రూమ్ నుంచే. వారం రోజులు బయటి తిండి పడని పెద్దవాళ్ళు, కారం తినలేని చిన్నపిల్లలు ఇంట్లో ఉంటే, రైస్ కుక్కర్ పెట్టి ఇంత అన్నం, పప్పు చేసుకోవడానికైనా ఆ గదే కావాలి. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చినప్పుడు తీసుకెళ్ళాలనుకుంటే టూ బెడ్‌రూమ్ కావాలి. స్టూడియోలో నలుగురికి మించి ఒప్పుకోరు, ఆ నాలుగోవాళ్ళకి కూడా సోఫా బెడ్డే. మేము ప్రెజెంటేషన్‌లో "మా అత్తయ్యగారు, మామయ్యగారు కూడా వస్తారు" అని స్పష్టంగా చెప్పాం. అయినా ఆ కాగితం మీద అంకె మారలేదు. నాకు ఇప్పటికీ బాధగా ఉండేది దీని గురించే. ఎంతమంది వస్తారో తెలిసి కూడా పట్టని గది లెక్కే చూపించారు.

వ్యూ పేర్లు కూడా జాగ్రత్తగా చదవండి. "ఐలాండ్ వ్యూ" అంటే సముద్రం కాదు. కొండ వైపు, రోడ్డు వైపు, ఒక్కోసారి పార్కింగ్ వైపు. ఫొటోలో బాల్కనీ ముందు కనబడే అలలు "ఓషన్ ఫ్రంట్" గదివి, చార్టులో అన్నిటికంటే పై వరుస అది.

తర్వాత బోనస్ పాయింట్లు. మొదటి ఏడాదికి మాత్రమే వచ్చేవాటిని ఏటా వచ్చేవాటితో కలిపి పెద్ద అంకె చూపించారు. మొదటి ఏడాది దాటాక అవి ఉండవు, ఆ మొదటి ఏడాదిలో కూడా అన్ని రిసార్టుల్లో, అన్ని తేదీల్లో చెల్లవు. మీకు ఎవరైనా మొత్తం చెబితే, "మూడో ఏడాది నా ఖాతాలో ఎన్ని పడతాయి?" అని అడగండి. రెండేళ్ళకొకసారి పాయింట్లు వచ్చే ప్లాన్లు కూడా ఉన్నాయి కాబట్టి, అదీ ఖచ్చితంగా కనుక్కోండి.

పాయింట్లు ఉన్నంత మాత్రాన గది దొరకదు. చాలా పాయింట్ల క్లబ్బుల్లో (అంటే ఒక కంపెనీ రిసార్టులన్నిట్లో పాయింట్లు వాడుకోనిచ్చే పథకాల్లో) మీకు ఒక "హోమ్ రిసార్ట్" ఉంటుంది, అంటే మీ పాయింట్లు ఏ రిసార్ట్‌వో అది. దాని ఓనర్లు పదకొండు, పన్నెండు నెలల ముందే బుక్ చేసుకోవచ్చు. మిగతావాళ్ళకి ఆ తర్వాత కొన్ని నెలలకి గాని అవకాశం రాదు. మీ పాయింట్లు ఆర్లాండో రిసార్ట్‌వి అయితే హవాయిలో మీరు ఆ "మిగతావాళ్ళు". మీ వంతు వచ్చేసరికి క్రిస్మస్ వారం, స్ప్రింగ్ బ్రేక్ వారం అక్కడి ఓనర్లే తీసేసుకుని ఉంటారు. వెయిట్‌లిస్ట్‌లో పెట్టుకోవచ్చు. కానీ ఐదుగురికి ఫ్లైట్ టికెట్లు కొనకుండా, ఆఫీసులో సెలవు పెట్టకుండా, వెయిట్‌లిస్ట్ ఎప్పుడు కదులుతుందా అని టెన్షన్ పడుతూ కూర్చోవడం ఏం సెలవు?

"పాయింట్లు తక్కువైతే దాచుకోండి, లేదా వచ్చే ఏడాదివి ముందే వాడుకోండి" అంటారు. నిజమే, చాలా చోట్ల రెండూ కుదురుతాయి. కానీ దాచుకోవడానికి గడువుంటుంది, చాలా క్లబ్బుల్లో ఏడాది పూర్తయ్యే వేళకి కాదు, దానికి కొన్ని నెలల ముందే చెప్పాలి. చెప్పకపోతే ఆ ఏడాది పాయింట్లు పోయినట్టే. ఒకసారి దాచినవాటిని చాలా చోట్ల మళ్ళీ దాచుకోనివ్వరు. అంటే ట్రిప్ ఏ కారణంతో ఆగినా మీ చేతిలో ఏమీ మిగలకపోవచ్చు. 2023 ఆగస్టులో మౌయిలో లహైనా ఊరు కాలిపోయింది. ఆ తర్వాత వారాల తరబడి పడమటి మౌయికి పర్యాటకుల్ని రావద్దన్నారు, అక్కడి హోటళ్ళలో ఇళ్ళు పోగొట్టుకున్నవాళ్ళని ఉంచారు. అది న్యాయం, అలాగే చేయాలి. అలాంటి సమయంలో గడువు దగ్గరపడిన పాయింట్లు ఏమవుతాయో మాత్రం మీ కాంట్రాక్ట్‌లో ముందే చదివి ఉండాలి.

ఇప్పుడు డబ్బు. పైన చెప్పిన ఊహా లెక్కలో 800 పాయింట్లకి 20,000 డాలర్లు, వడ్డీ 15 శాతం, పదేళ్ళ లోన్ అనుకోండి. ప్రెజెంటేషన్ టేబుల్ దగ్గరే ఇచ్చే లోన్లకి వడ్డీ రెండంకెల్లో ఉండడం సాధారణం. నెలకి సుమారు 323 డాలర్లు, పదేళ్ళకి 38,700 పైన కట్టాలి. రిసార్ట్ నిర్వహణకి ఓనర్లు కట్టే మెయింటెనెన్స్ ఫీజు ఏటా 1,200 అనుకుంటే, మూడేళ్ళ పాయింట్లు కలిపి వెళ్ళే ఆ ఒక్క డిసెంబరు వారానికి ఫీజులే 3,600, ఆ మూడేళ్ళ లోన్ వాయిదాలు 11,600 పైచిలుకు. మొత్తం 15,000 దాటింది, ఇంకా ఫ్లైట్ ఎక్కలేదు. మిగతా రెండేళ్ళు ఎక్కడికీ వెళ్ళడానికి పాయింట్లు లేవు. లోన్ ఎప్పటికో తీరుతుంది, మెయింటెనెన్స్ ఫీజు మాత్రం మీరు ఓనర్‌గా ఉన్నంతకాలం ఉంటుంది, ఏళ్ళు గడిచేకొద్దీ పెరుగుతుంది కూడా.

హవాయికి ప్రత్యేకంగా ఇంకో ఖర్చు ఉంది. అక్కడ టైమ్‌షేర్ ఓనర్లు కూడా ఉన్న రోజులకి ఆక్యుపెన్సీ టాక్స్ (బస మీద వేసే పన్ను) విడిగా కట్టాలి. "మీది మీరే వాడుకుంటున్నారు, ఇంకేం కట్టక్కర్లేదు" అని ఎవరైనా అంటే నమ్మకండి. హోనొలులులోని వైకికీ బీచ్ ప్రాంతం లాంటి చోట పార్కింగ్‌కే రోజుకి 40 డాలర్లు దాటుతుంది.

ఐదారేళ్ళ తర్వాతి ట్రిప్ కోసం అంచనా వేసేవాళ్ళు ఇంకో మాట గుర్తుపెట్టుకోవాలి. చార్టు శాశ్వతం కాదు. కొన్ని క్లబ్బుల్లో ఒక రిసార్ట్ మొత్తం పాయింట్లు పెంచకూడదని నియమం ఉంటుంది, కానీ ఒక సీజన్ నుంచి తగ్గించి ఇంకో సీజన్‌కి పెంచే హక్కు కంపెనీకి ఉంటుంది. జనం ఎక్కువగా అడిగే వారాలే పెరుగుతాయి, అంటే మనం వెళ్ళే వారాలే. పిల్లలు కూడా పెరుగుతారు. ఆరేళ్ళప్పుడు సోఫా బెడ్ మీద సర్దుకున్న ఇద్దరికి పదమూడేళ్ళు వచ్చాక వేరే గది కావాలి. కాబట్టి ఆఫీషియల్ చార్టు తీసుకుని, మీరు నిజంగా వెళ్ళే వారం, మీకు నిజంగా పట్టే గది, ఆ ఏడు రాత్రులూ ఒక్కొక్కటిగా కూడండి. దాని మీద ఇంకొంత ఎక్కువే వేసుకోండి. చార్టు అడిగితే "సంతకం అయ్యాక లాగిన్ ఇస్తాం" అంటే, లేచి వచ్చేయండి. వాళ్ళు చెప్పినంత సేపు కూర్చుని ఉంటే గిఫ్ట్ కార్డు ఎలాగూ ఇవ్వాల్సిందే.

ఇప్పటికే సంతకం పెట్టేసి ఇది చదువుతున్నవాళ్ళు ఈ పేరా ముందు చదవండి. రద్దు చేసుకునే హక్కు మీకు చట్టం ఇచ్చింది. గడువు ఫ్లోరిడాలో 10 రోజులు, హవాయిలో, కాలిఫోర్నియాలో 7 రోజులు, నెవాడాలో 5 రోజులు. కారణం చెప్పక్కర్లేదు, కట్టింది తిరిగి ఇవ్వాలి. ఫోన్ చేసి చెబితే సరిపోదు. ఫోన్ చేస్తే ఇంకో ఆఫర్ ఇచ్చి రోజులు గడిపేస్తారు. కాంట్రాక్ట్‌లో రద్దు నోటీసు ఏ అడ్రసుకి, ఏ పద్ధతిలో పంపాలో రాసి ఉంటుంది. అలాగే ఉత్తరం రాసి, కొన్నవాళ్ళందరూ సంతకం పెట్టి, సర్టిఫైడ్ మెయిల్‌లో పంపి రసీదు దాచుకోండి. ట్రిప్ నుంచి ఇంటికి వెళ్ళాక చూద్దాంలే అనుకోకండి, గడువు సగం అక్కడే అయిపోతుంది.

హవాయి ఒక్కసారి చూడాలనుకుంటే, అదే రిసార్ట్ ఓనర్ల దగ్గర పాయింట్లు అద్దెకి తీసుకుని వెళ్ళొచ్చు, చాలా క్లబ్బుల్లో అది కుదురుతుంది. నచ్చి కొనాలనిపిస్తే రీసేల్ ధరలు, అంటే పాత ఓనర్లు తమ పాయింట్లు తిరిగి అమ్మే ధరలు చూడండి. చాలాసార్లు కంపెనీ అడిగే ధరలో చిన్న భాగానికే దొరుకుతాయి. రీసేల్‌లో కొన్నవాళ్ళకి కొన్ని సౌకర్యాలు ఉండవు, అవేంటో ముందే అడగండి. రీసేల్ ధర అంత తక్కువగా ఉందంటేనే, రేపు మీరు అమ్మాలనుకుంటే మీకు వచ్చేది కూడా అంతేనని తెలుస్తుంది.

హైదరాబాద్‌లో మాల్స్‌లో కూపన్ రాయించుకుని, "లక్కీ డ్రాలో గెలిచారు, భార్యాభర్తలిద్దరూ డిన్నర్‌కి రండి" అని పిలిచే హాలిడే మెంబర్‌షిప్పుల్లో కూడా సీజన్, గది సైజు విషయంలో ఇదే చిక్కు ఉంది. ఇంట్లో పెద్దవాళ్ళకి చెప్పి ఉంచండి. ఇండియాలో ఫిర్యాదుకి నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915.

చివరగా, ఒకసారి ఓనర్ అయ్యాక "మీ పాయింట్లు కొనడానికి పార్టీ సిద్ధంగా ఉంది, ట్రాన్స్‌ఫర్ ఫీజు ముందు పంపండి" అని ఫోన్లు వస్తాయి. మాకూ వచ్చాయి. మా రిసార్ట్ పేరు, పాయింట్ల సంఖ్య కూడా సరిగ్గా చెప్పారు. ఇలాంటి మోసాల వెనక మెక్సికో డ్రగ్ ముఠాలు ఉన్నాయని అమెరికా ప్రభుత్వమే 2023లో కొన్ని కంపెనీల మీద ఆంక్షలు పెట్టింది. అమ్మకం పూర్తవకముందే ఎవరు ఏ పేరుతో డబ్బు అడిగినా, ఒక్క డాలర్ కూడా పంపకండి.