మూగ్ థెరిమినీ సమీక్ష: తాకకుండా మోగే వాద్యంలో గమకం ఎంతవరకు పలుకుతుంది?

కర్ణాటక సంగీతం నేర్చినవాళ్లు థెరిమినీ కొంటే ముందు చేయాల్సింది పిచ్ కరెక్షన్ నాబ్‌ను సున్నాకి తిప్పేయడం. ఆ నాబ్ పెంచేకొద్దీ చెయ్యి ఎక్కడ ఉన్నా స్వరం దగ్గరి స్వరస్థానానికి లాక్కుపోతుంది. పాశ్చాత్య బాణీలో కొత్తగా వాయించేవారికి అది ఆసరా. మనకు మాత్రం తోడి రాగంలో ఊగుతూ పలికే గాంధారాన్ని (గ స్వరాన్ని) మెట్లుమెట్లుగా విరిచేస్తుంది, జారు (ఒక స్వరం నుంచి మరోదానికి తెగకుండా జారడం) అసలు మిగలదు. స్వరాన్ని ఇలా ఊపడం, జార్చడమే గమకం.

1920లో రష్యాలో లెవ్ థెరెమిన్ చేసిన వాద్యానికి మూగ్ కంపెనీ 2014లో తెచ్చిన డిజిటల్ రూపం ఇది. నిలువు యాంటెన్నా శ్రుతికి, పక్కనున్న వంపు యాంటెన్నా శబ్దం హెచ్చుతగ్గులకు. చెయ్యి దగ్గరైతే యాంటెన్నా కెపాసిటెన్స్ (విద్యుదావేశాన్ని పట్టుకునే సామర్థ్యం) మారుతుంది, దాన్నిబట్టే స్వరం మారుతుంది. 32 ప్రీసెట్లు (ముందే అమర్చిన నాదాలు), సొంత స్పీకర్, హెడ్‌ఫోన్ సాకెట్, యాంప్లిఫయర్‌కి శబ్దం పంపే రెండు లైన్ అవుట్‌లు ఉన్నాయి.

శ్రుతి పెట్టడానికి సెటప్‌లో పరిధిని తగ్గించండి. ఒకటో శ్రుతి వారైతే ఆధార షడ్జమం (స) పాశ్చాత్య స్వరం సి. మంద్ర పంచమం (కింది ప) నుంచి తార పంచమం (పై ప) దాకా రెండు స్థాయిలు చాలు. పరిధి ఎంత పెద్దదైతే స్వరాల మధ్య ఎడం అంత తగ్గుతుంది, కంపితానికి (స్వరాన్ని ఊపే గమకానికి) చోటుండదు. ఆ తర్వాత యాంటెన్నాలను గదికి, మీరు నిలబడే చోటికి సరిపోయేలా కాలిబ్రేట్ చేయండి. గది మారినా, నిలబడే చోటు మారినా మళ్లీ చేయాల్సిందే. ఇనుప కుర్చీ, పక్కన నిలబడే మనిషి కనీసం ఒక మీటరు దూరంలో ఉండాలి. వాయిస్తూ తల ఊపినా స్వరం కదులుతుంది, కాబట్టి తాళం వేళ్లతో కూడా వేయకండి, మనసులోనే లెక్కపెట్టండి. అడాప్టర్ మీదే నడిపేటప్పుడు శ్రుతి నిలకడగా లేదనిపిస్తే, ఎర్త్ ఉన్న యాంప్లిఫయర్‌కి లైన్ అవుట్ కలిపి చూడండి.

ఇక ఈ వాద్యంలో నాకు బాగా నచ్చింది తెరమీది ట్యూనర్. పలికే స్వరమేదో, అది ఎంత హెచ్చో ఎంత తగ్గో వాయిస్తుండగానే చూపిస్తుంది. కానీ అది సమభాగ శ్రుతి (స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేసే పద్ధతి) లెక్కన చూపిస్తుందని గుర్తుంచుకోవాలి. ఆ ఒక్కో భాగంలో నూరో వంతు ఒక సెంటు. తంబురా మీద వినిపించే అంతర గాంధారం (షడ్జమానికి 5/4 నిష్పత్తిలో ఉండే గ) షడ్జమం నుంచి 386 సెంట్లు, ట్యూనర్ లెక్క 400. అంటే చక్కగా కలిసిన గాంధారాన్ని అది 14 సెంట్లు తక్కువని చూపిస్తుంది. అక్కడ చెవినే నమ్మండి, చెయ్యి జరపకండి. పంచమం తేడా రెండు సెంట్లే, ఇబ్బంది లేదు. ఆధార షడ్జమం, పంచమం నిలపడానికి ఈ తెర మంచి గురువు. గమకం మొదలవగానే అంకెలు పరుగెడతాయి, చదవడానికి వీలుండదు.

గమకాన్ని చూడాలంటే లైన్ అవుట్‌ని కంప్యూటర్‌లో రికార్డు చేసి, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ సోనిక్ విజువలైజర్‌లో పిచ్ గీత గీయించాలి. ముందు ఎఫెక్ట్ సున్నా చేయండి. డిలే (ప్రతిధ్వనిలా స్వరాన్ని మళ్లీ వినిపించే ఎఫెక్ట్) ఉంటే పాత స్వరం కొత్తదాని మీద పడి గీత ముక్కలవుతుంది. సాదా నాదమున్న ప్రీసెట్ ఎంచుకుంటే తోడి గాంధారం రిషభ మధ్యమాల మధ్య ఊగడం గీతలో స్పష్టంగా కనిపిస్తుంది. విద్యార్థికి మాటల్లో చెప్పలేనిది ఆ గీత చూపిస్తుంది.

బలహీనత ఎడమ చేతి వైపుంది. వాల్యూమ్ యాంటెన్నా చురుకుగా స్పందించదు. జంట వరుసల్లో సస రిరి అని ప్రతి స్వరాన్నీ విడదీయాలంటే మొదటి కాలంలో (నెమ్మది వేగంలో) సరిపోతుంది, మూడో కాలంలో (దానికి నాలుగింతల వేగంలో) అలుక్కుపోతుంది. స్వరకల్పన (అప్పటికప్పుడు స్వరాలు అల్లడం) కోసం కొనాలనుకుంటే ఆగండి. రాగాలాపనకైతే, ముఖ్యంగా విలంబంలో (నెమ్మది నడకలో), జారుకి ఇంత అనుకూలమైన ఎలక్ట్రానిక్ వాద్యం అరుదు. బ్యాటరీతో నడవదు, కచేరీకి తీసుకెళ్లేటప్పుడు ప్లగ్ ఎక్కడుందో ముందే చూసుకోండి. మైక్ స్టాండ్ మీద బిగించుకోవచ్చు.