స్టైన్‌హాఫ్ రివ్యూ: షాపులకు నాలుగు స్టార్లు, లెక్కలకు సున్నా

స్టైన్‌హాఫ్ అనే బోర్డు పెట్టుకున్న షాపులోకి వెళ్లినవాళ్లు తక్కువే. జనానికి తెలిసినవి దాని కింద ఉన్న పేర్లు. దక్షిణాఫ్రికాలో పెప్, ఆకర్‌మన్స్, ఫ్రాన్స్‌లో కాన్‌ఫోరామా, బ్రిటన్‌లో పౌండ్‌ల్యాండ్, అమెరికాలో మాట్రెస్ ఫర్మ్. బాగా నడిచిన రోజుల్లో అన్నీ కలిపి 30కి పైగా దేశాల్లో 12 వేల దాకా షాపులు. ఈ కంపెనీ అమ్మినవి రెండు సరుకులు: షాపుల్లో బట్టలు, పరుపులు, సోఫాలు, షేర్ మార్కెట్లో తన షేరు. రెండింటికీ ఒకే మార్కులు వేస్తే అన్యాయం.

షాపుల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు తక్కువ ధరకు మామూలు వస్తువులు అమ్మే వ్యాపారం. పెప్‌లో పిల్లలకు బట్టలు కొన్న తల్లికి ఏ మోసమూ జరగలేదు. అసలు తిరకాసంతా ఇక్కడే ఉంది, ఎందుకంటే షాపు కిటకిటలాడుతోంది కాబట్టి కంపెనీ గట్టిదని అనుకోవడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం ఎవరికి కావాలి?

1964లో బ్రూనో స్టైన్‌హాఫ్ జర్మనీలోని వెస్టర్‌స్టెడెలో మొదలుపెట్టినప్పుడు ఇది ఫర్నిచర్ వ్యాపారం. తూర్పు ఐరోపాలో చవగ్గా కొని పశ్చిమ జర్మనీలో అమ్మడం. 1990ల చివర్లో దక్షిణాఫ్రికాకు చేరి, 1998లో జొహానెస్‌బర్గ్ ఎక్స్ఛేంజీలో లిస్టయింది. ఆ తర్వాత కథంతా మార్కస్ యూస్టె అనే సీఈఓది. రేసు గుర్రాలంటే ప్రాణమిచ్చే మనిషి, కంపెనీలను కూడా అదే ఊపులో కొన్నాడు. 2011లో కాన్‌ఫోరామా, 2015లో దక్షిణాఫ్రికా కోటీశ్వరుడు క్రిస్టో వీసె చేతిలోని, పెప్ షాపుల యజమాని పెప్‌కోర్, 2016లో పౌండ్‌ల్యాండ్, అదే ఏడాది అప్పులతో కలిపి 380 కోట్ల డాలర్లకు మాట్రెస్ ఫర్మ్. పెప్‌కోర్‌కి చెల్లించిన దాంట్లో ఎక్కువ భాగం నగదు కాదు, స్టైన్‌హాఫ్ షేర్లే. అంటే షేరు ధర పైన ఉన్నంతకాలం అదే కరెన్సీ, కాబట్టి అది కిందికి రాకూడదు, దానికి ఏటేటా లాభం పెరుగుతున్నట్టు కనిపించాలి.

ఇక రెండో సరుకు, షేరు. గుట్టు విప్పడానికి కంపెనీ పిలిచిన ఆడిట్ సంస్థ పీడబ్ల్యూసీ విచారణలో తేలింది ఏమిటంటే, 2009 నుంచి 2017 వరకు కల్పిత, అక్రమ లావాదేవీలు 650 కోట్ల యూరోలు. పద్ధతి చూడండి. గ్రూపులో ఒక కంపెనీ సరిగ్గా నడవడం లేదు. మధ్యలో ఉన్న హోల్డింగ్ కంపెనీ, బయటి సంస్థ ఒకటి మనకు ఇంత ఇవ్వాలి అని ఆదాయం రాసుకుంటుంది. అందులోంచి కొంత ‘కాంట్రిబ్యూషన్’ పేరుతో ఆ కంపెనీ ఖాతాలోకి వెళ్తుంది, నష్టం మాయం. కంపెనీకి నగదు కూడా అందుతుంది, కాకపోతే ఇచ్చేది గ్రూపులోనే ఉన్న ఇంకో కంపెనీ! బయటి సంస్థ నుంచి రావలసింది మాత్రం చాలావరకు రాదు. రాని బాకీని ఎన్నేళ్లని చూపిస్తారు, అందుకని దాన్నే ఇంకో ఆస్తిగా పేరు మార్చి రాస్తారు. కావలసిన కాగితాలు తర్వాత తీరిగ్గా తయారు చేసి పాత తేదీలు వేశారు. ఆ బయటి సంస్థలు కూడా అదే చిన్న ముఠా చెప్పుచేతల్లో ఉన్నవేనని గట్టి ఆనవాళ్లు దొరికాయి. మన భాషలో అచ్చంగా కాకిలెక్కలు.

2009 అనగానే మనకు రామలింగరాజు ఉత్తరం గుర్తొస్తుంది. అప్పుడు సత్యం ఖాతాలు ఆడిట్ చేసింది ప్రైస్ వాటర్‌హౌస్. ఇక్కడ గుట్టు విప్పడానికి పిలిచింది అదే పీడబ్ల్యూసీ కుటుంబాన్ని. ఈ రంగంలో అందరూ అందరికీ పాత చుట్టాలే.

ముందుగా ఎవరికీ తెలియదా అంటే, 2015 చివర్లోనే జర్మనీలో ప్రాసిక్యూటర్లు ఆఫీసుల్లో సోదాలు చేశారు. 2017 ఆగస్టులో మేనేజర్ మగజీన్ అనే జర్మన్ పత్రిక లెక్కల మీద దర్యాప్తు సంగతి రాసింది. కంపెనీ అంతా బాగానే ఉందంది, మార్కెట్ నమ్మింది. చివరికి ఆ ఏడాది లెక్కల మీద కంపెనీ ఆడిటర్ డెలాయిట్ సంతకం పెట్టకపోవడంతో డిసెంబరు 5న యూస్టె రాజీనామా, మర్నాడు షేరు 60 శాతానికి పైగా పతనం. కొద్ది రోజుల్లో దాదాపు 20 వేల కోట్ల రాండ్లు (దక్షిణాఫ్రికా కరెన్సీ) ఆవిరి. అందులో దక్షిణాఫ్రికా ప్రభుత్వ ఉద్యోగుల పెన్షన్ ఫండ్ డబ్బు కూడా ఉంది. నాకు ఎక్కువ మండించేది ఇంకోటి. కూలడానికి కొద్ది రోజుల ముందు యూస్టె నలుగురికి షేర్లు అమ్ముకోమని ఎస్ఎంఎస్ పెట్టాడు, చదివాక డిలీట్ చేయమని కూడా చెప్పాడు. దేశంలోని టీచర్లకూ నర్సులకూ ఆ మెసేజ్ రాలేదు కదా.

కొన్న తర్వాత సర్వీసు ఎలా ఉందంటే, పరమ నీరసం. 2022కి గానీ నష్టపోయినవాళ్లు వేసిన దావాలు రాజీకి రాలేదు. షేరు సెంట్లలోకి జారి, 2023లో ఎక్స్ఛేంజీల నుంచి పోయింది, ఆస్తులు అప్పులిచ్చినవాళ్ల చేతికెళ్లాయి. ఫైనాన్స్ చూసిన బెన్ లా గ్రాంజ్ 2024లో నేరం ఒప్పుకుని పదేళ్ల శిక్ష తీసుకున్నాడు, అందులో ఐదేళ్లు సస్పెండ్. యూస్టె మీద అదే ఏడాది మార్చిలో భారీ జరిమానా పడింది, మర్నాడే ఆయన చనిపోయాడు. అడగాల్సిన ప్రశ్నలు చాలావరకు ఆయనతోనే పోయాయి.

షాపులు మాత్రం చాలావరకు చేతులు మారి నడుస్తున్నాయి. ఆఫ్రికా వ్యాపారం 2018లోనే పేరులోంచి స్టైన్‌హాఫ్ తీసేసి పెప్‌కోర్ అని పెట్టుకుంది. తెలివైన పని. షాపులకు నాలుగు స్టార్లు ఇస్తున్నాను. షేరుకు ఒకటి ఇవ్వడానికి కూడా మనసు రావడం లేదు, దానికి కారణం మోసం ఒక్కటే కాదు: పీడబ్ల్యూసీ రాసింది 3 వేల పేజీలకు పైగా ఉంటే, కంపెనీ 2019లో బయటపెట్టింది 11 పేజీల సారాంశం. మిగతాది ఇవ్వమని పత్రికలవాళ్లు కోర్టుకు వెళ్లాల్సి వచ్చింది, అదీ షేర్‌హోల్డర్ల డబ్బుతో రాయించుకున్న నివేదిక కోసం.