విశాఖలో గేమింగ్ కంప్యూటర్ చేయించుకుంటున్నారా? అరకొర కొటేషన్‌తో జాగ్రత్త

అరవై వేల లోపు గేమింగ్ కంప్యూటర్ కోసం ద్వారకానగర్, డాబాగార్డెన్స్ దుకాణాల్లో బేరాలాడుతున్నవారు అడ్వాన్స్ ఇచ్చేముందు ఇది చదవండి. మా మేనల్లుడికి జరిగింది రాస్తున్నాను. ఫిర్యాదు నడుస్తున్నందున దుకాణం పేరు రాయడం లేదు.

మిగతా చోట్లకన్నా నాలుగైదు వేలు తక్కువకు కొటేషన్ ఇచ్చారు. చిన్న కాగితం మీద రైజెన్ 5 (ప్రాసెసర్), ఆర్‌టీఎక్స్ 3050 (ఆటల బొమ్మలు చూపే గ్రాఫిక్స్ కార్డు), 16 జీబీ ర్యామ్, 500 జీబీ ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే డిస్కు), 550 వాట్ల ఎస్‌ఎమ్‌పీఎస్ (భాగాలన్నిటికీ కరెంటు అందించే పెట్టె), రంగుల లైట్ల క్యాబినెట్ అని రాశారు. ప్రాసెసర్ 5600 అనీ, కార్డు 8 జీబీదనీ నోటితో చెప్పారు. ఆ రెండు ముక్కలు మాత్రం కాగితం మీదకు ఎక్కలేదు.

ఆర్‌టీఎక్స్ 3050 పేరుతో రెండు రకాల కార్డులు దొరుకుతాయి. 2022లో వచ్చిన 8 జీబీ కార్డులో 2560 కోర్లు (లెక్కలు చేసే భాగాలు), 128 బిట్ల మెమరీ బస్ (మెమరీకి డేటా వెళ్లివచ్చే దారి) ఉంటాయి. 2024లో వచ్చిన 6 జీబీ కార్డులో కోర్లు 2304, బస్ 96 బిట్లు. వేగంలోనూ ధరలోనూ రెండోది తక్కువ. 8 జీబీ కార్డుకు ఎస్‌ఎమ్‌పీఎస్ నుంచి విడిగా పవర్ కేబుల్ పెట్టాలి. 6 జీబీది 70 వాట్లతో నడుస్తుంది కనుక చాలా మోడళ్లకు ఆ కేబుల్ అక్కరలేదు. మావాడికి అనుమానం వచ్చింది అక్కడే. క్యాబినెట్ అద్దంలోంచి చూస్తే కార్డుకు కేబుల్ లేదు. కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాం వేస్తే 6 జీబీ అని తేలింది.

ప్రాసెసర్ కూడా అంతే. క్యాబినెట్‌లో ఉన్నది 5500. రెండింటిలోనూ ఆరు కోర్లే, కానీ 5600లో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ) 32 ఎంబీ, 5500లో 16 ఎంబీ. ఆటల్లో ఆ తేడా తెలుస్తుంది. అడిగితే, "రెండూ రైజెన్ 5 కదా సార్, రాసిందే ఇచ్చాం" అన్నాడు యజమాని. అబద్ధం రాయకుండానే మోసం చేయడం ఎలాగో ఆయన దగ్గర నేర్చుకోవాలి.

ర్యామ్ 16 జీబీ ఒకే స్టిక్. రెండు ఎనిమిదులు వేస్తే డ్యూయల్ చానెల్‌లో, అంటే ఒకేసారి రెండు దారుల్లో, మెరుగ్గా నడిచేది. దీన్ని మోసం అనను, కక్కుర్తి అంటాను. ఎస్‌ఎస్‌డీని మాత్రం క్షమించలేం. డిస్కు ఎన్ని గంటలు నడిచిందో చెప్పే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాంలో చూస్తే అప్పటికే వేల గంటలు నడిచినట్టు కనిపించింది. ఎవరి కంప్యూటర్‌లోంచి ఊడదీసిందో!

అన్నిటికన్నా ప్రమాదం ఎస్‌ఎమ్‌పీఎస్. ఎన్నడూ వినని పేరు, 80 ప్లస్ గుర్తు (కరెంటు వృథా తక్కువని తెలిపే సర్టిఫికెట్) లేదు. ఆట మధ్యలో కంప్యూటర్ ఆగిపోవడం మొదలై, ఒక సాయంత్రం మాడు వాసనతో పూర్తిగా పోయింది. మా ఇల్లు సముద్రానికి దగ్గరున్న ఎంవీపీ కాలనీలో అని తెలియగానే "సముద్రపు గాలి సార్" అన్నారు. ఉప్పుగాలికి కిటికీ గ్రిల్లులు తుప్పుపట్టడం మనకు తెలియనిదా? కానీ మూసిన గదిలో, నెల తిరగకుండా ఎస్‌ఎమ్‌పీఎస్ మాడితే ఆ నెపం సముద్రం మీద వేస్తారా?

వారంటీకి వెళ్దామంటే బిల్లులో "అసెంబుల్డ్ కంప్యూటర్ 1" అని ఒక్క వరుసే ఉంది. ఏ భాగానికీ మోడల్ లేదు, సీరియల్ నంబరు లేదు. అలాంటి బిల్లుతో విడిభాగాల కంపెనీల దగ్గర వారంటీ అడగడం కష్టం. బిల్లు లేకుండా తీసుకుంటే 18 శాతం జీఎస్‌టీ మిగులుతుందని కొందరు ఆశపెడతారు. ఆ మిగిలేది మీ వారంటీ సొమ్మే.

కాబట్టి కొటేషన్‌లో ప్రతి భాగానికీ కంపెనీ, పూర్తి మోడల్, కార్డుకు మెమరీ, ఎస్‌ఎమ్‌పీఎస్‌కు 80 ప్లస్ స్థాయి రాయించండి. వాట్సాప్‌లో పంపమంటే మరీ మంచిది. రాయడానికి నసిగితే బయటికి వచ్చేయండి, పక్కనే ఇంకో దుకాణం ఉంటుంది. ఖాళీ పెట్టెలన్నీ అడిగి తెచ్చుకుని, వాటి మీది సీరియల్ నంబర్లు బిల్లులోవాటితో సరిచూసుకోండి. బిగించేటప్పుడు దగ్గరుండి ఫోనులో వీడియో తీసుకోండి, మొహమాటం వద్దు. బల్ల మీదే జీపీయూ-జెడ్ వేయించి చూశాకే మిగతా డబ్బు ఇవ్వండి.

"అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న బోర్డు చూసి వెనక్కి తగ్గకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడమూ అంతే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కొనుగోళ్ల ఫిర్యాదుకు రుసుము లేదు.

మేము 1915కు ఫిర్యాదు చేశాక ఎస్‌ఎమ్‌పీఎస్ మార్చి ఇచ్చారు. కార్డు, ప్రాసెసర్, ఎస్‌ఎస్‌డీ సంగతి ఇంకా తేలలేదు.