కర్నూలులో మూడు రోజులు: పగలు పాత సామాను, రాత్రి పద్యనాటకం

అనంతపురం నుంచి కర్నూలుకు రైలులో ఒక పూట ప్రయాణమే అయినా, పని మీద తప్ప తీరికగా ఆ ఊరికి మేమిద్దరం ఎన్నడూ వెళ్ళలేదు. మావారు పదవీ విరమణ చేశాక, మొన్న జనవరిలో, చూడవలసిన స్థలాల చిట్టా ఏదీ రాసుకోకుండా మూడు రోజులు అక్కడే ఉన్నాం. పగలు పాతబస్తీలో పాత సామాను అంగళ్ళు తిరగడం, రాత్రి నాటకం చూడడం, ఈ రెండే మేము పెట్టుకున్న పనులు. కొండారెడ్డి బురుజుకు నడిచి వెళ్ళగలిగే దూరంలో బస దొరికింది; గది గురించి చెప్పుకోవలసినంత మంచీ లేదు, చెడూ లేదు.

మేము ఎక్కువసేపు గడిపిన అంగడి బయటి నుంచి చూస్తే ఇనుప తుక్కు కొట్టులాగే ఉంటుంది. లోపలికి వెళితే గంగాళాలు, కంచు చెంబులు, లాంతర్లు, ఆగిపోయిన గోడగడియారాలు, కిలోలూ లీటర్లూ రాకముందు ధాన్యం కొలిచిన శేరు, పడి పాత్రలు ఒకదాని మీద ఒకటి పేర్చి కనిపిస్తాయి. చెక్క సామాను మాత్రం తక్కువగా ఉంది. కారణం అడిగితే, 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి పొంగి పాతబస్తీని ముంచినప్పుడు తమ సరుకులో సగం కొట్టుకుపోయిందని, మిగిలిన టేకు పెట్టెలు నీళ్ళలో నాని కీళ్ళు విడిచాయని యజమాని చెప్పారు. ఒక కావడిపెట్టె అడుగున ఆ నీటి మరక ఇప్పటికీ తెల్లగా ఉంది. దాన్ని దాచకుండా చూపించి ధర తగ్గించినందుకు ఆయన మీద నాకు గౌరవం కలిగింది.

ఆ గౌరవం పాన్‌దాన్ అనే తాంబూలం పెట్టె దగ్గరికి వచ్చేసరికి కొంత తగ్గింది. అది నవాబుల కాలం నాటిదని ఆయన అన్నారు. కర్నూలు నవాబుల పాలన 1839లోనే ముగిసింది కనుక, ఆ లెక్కన ఆ పెట్టెకు నూట ఎనభై ఏళ్ళు దాటాలి. 1972 నాటి చట్టం ప్రకారం నూరేళ్ళు నిండిన పురావస్తువులతో వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలి కదా అని మావారు మర్యాదగానే అడిగారు. అడిగిన మరుక్షణం ఆ పాన్‌దాన్ వయసు అరవై ఏళ్ళకు దిగివచ్చింది, ధర మాత్రం అక్కడే నిలిచిపోయింది. పక్క వీధిలోని మరో కొట్టులో చేతులున్న ప్రతి కుర్చీ 1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయినప్పుడు ప్రభుత్వ కార్యాలయాలకు తెప్పించినదేనట! మూడేళ్ళ పాటు, అదీ కొన్ని కార్యాలయాలు గుడారాల్లో నడిచిన రాజధానిలో, అన్ని కుర్చీలు ఎక్కడ వేశారో మాకు అంతుపట్టలేదు. అందుచేత వెళ్ళేవారు వయసుకు కాక వస్తువుకే ధర కట్టుకోవడం మంచిది. చిన్న అయస్కాంతం వెంట ఉంచుకుంటే, ఇత్తడి పూత పూసిన ఇనుము అక్కడికక్కడే బయటపడుతుంది. తళతళలాడే ఇత్తడి గొట్టం, కొత్త వార్నిషు వాసన వేసే పెట్టె ఉన్న గ్రామఫోను కనిపిస్తే, అది ఈ మధ్య అతికించి తయారు చేసినదని అనుమానించవలసిందే. అటువంటివి మాకు రెండు కనిపించాయి.

మేము కొన్నవి రెండే రకాలు. మొదటిది మూత మర తిరిగే ఒక మరచెంబు; దాని మెడ మీద ఎవరో ఇల్లాలి పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉంది. రెండవది నాలుగు పద్యాల రికార్డులు, ఒక్కొక్కటి మూడు వందల రూపాయలు. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ లక్క పళ్ళేల మీద ఒక్కో వైపు మూడు నిమిషాలకు మించి పట్టదు. అంగట్లో ఉన్న పాత యంత్రం మీద యజమాని సూది మార్చి ఒకటి వినిపించారు. గరగర శబ్దం వెనుక నుంచి హరిశ్చంద్రుడి పద్యం ఒక్క చిన్న ఆలాపనతో ముగిసిపోయింది.

ఆ రాత్రి మేము చూసిన హరిశ్చంద్ర పద్యనాటకంలోనూ కాటిసీనే, అంటే హరిశ్చంద్రుడు శ్మశానంలో కాటికాపరిగా ఉన్న ఘట్టమే వచ్చింది. అదే ఘట్టంలో ఒక్క పద్యానికి నటుడు తీసిన రాగం, హార్మోనియం వాయించే ఆయన అందించిన ఊతంతో, రికార్డు రెండు వైపులా కలిపినా పట్టనంత సాగింది. అయినా వెనుక వరుసల నుంచి వన్స్‌మోర్ కేకలు వినిపించాయి, ఆయన మళ్ళీ పాడారు. నాకు ఒళ్ళు పులకరించింది, మావారికి విసుగు పుట్టింది. ఈ తగవు మా ఇంటిది మాత్రమే కాదు. తెలుగు నాటకంలో పద్యానికీ పాటకూ పెద్దపీట వేసిన నాటకకర్త ధర్మవరం రామకృష్ణమాచార్యులు, రాగాలాపన తగ్గించి సహజంగా నటించాలన్న నటుడు బళ్ళారి రాఘవ మేనమామ మేనల్లుళ్ళు; ఒకరిది ధర్మవరం, మరొకరు పుట్టింది తాడిపత్రిలో, అంటే ఇద్దరూ పాత అనంతపురం జిల్లావారే. మావారిది మేనల్లుడి పక్షం, నాది మేనమామ పక్షం. బసకు నడిచి వచ్చే దారిలో కూడా ఆ వాదం తెగలేదు.

మేము నాటకం చూసిన ప్రదర్శనశాల గురించి ఒక్క ఫిర్యాదు ఉంది. నాటకం గంట ఆలస్యంగా మొదలైంది. పైగా హార్మోనియం ముందున్న మైకు మోతకు సంభాషణలు మూడో వరుస దాకా కూడా స్పష్టంగా చేరలేదు. నటులందరూ పగలు ఉద్యోగాలు చేసుకునేవారని విన్నాక ఆలస్యం సంగతి మరిచిపోయాం కానీ, మైకు సరిచేయడానికి ఐదు నిమిషాలు చాలు. మరుసటి రాత్రి వేసిన సాంఘిక నాటిక సాదాసీదాగా ఉంది.

తీరికగా నడవగలిగి, బేరానికి తొందరపడని దంపతులకు ఈ మూడు రోజులు బాగా సరిపోతాయి. ఎండ ముదరకముందే, అంటే మాఘమాసం లోపే వెళ్ళాలి. నాటకం ఏ తేదీల్లో ఉందో ముందుగా తెలుసుకుని బస కుదుర్చుకోవాలి. మొదటి రోజు ఏమీ కొనకుండా అన్నీ చూసి రావాలి. మరచెంబుకు మొదట చెప్పిన ధర మూడో రోజుకు మూడో వంతు తగ్గింది. రికార్డులు వినడానికి మాత్రం మా ఇంట్లో యంత్రం లేదు. అసలైన గ్రామఫోను దొరికితే కబురు చేస్తానని అంగడి యజమాని మావారి ఫోను నంబరు రాసుకున్నారు.